రేపు గుర్తుచెయ్యి

మా బడికి కంప్యూటరు
నరసాపురం రేవు నుంచి పంటు మీద వచ్చింది.
ముసురు పట్టిన పొద్దు.
ఏసుపాదం మాస్టారు చొక్కా విప్పి అట్టపెట్టెకు కప్పి,
తాను బనీనుతో తడుస్తూ కూర్చున్నారు.
ఇవతలి గట్టున ఎవరో అడిగారు:
"టీవీ బాగుందండి, యాంటెన్నా ఏదండి?"

ఒక్కటే యంత్రం. మేం నూట ఎనభై ఆరుగురం.
చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని,
కొబ్బరిపీచు పట్టా మీద తుడుచుకుని లోపలికెళ్తే
ఫినాయిలు వాసన.
తెరకు మాస్టారి భార్య కుట్టిన ముసుగు,
దాని అంచున నెమలి.
కన్ను కుట్టేలోపు దారం అయిపోయిందట.
నా వంతు మూడు నిమిషాలు.
కూర్చున్నాను, చూపుడువేలు లేపాను,
కరెంటు పోయింది.
వేలు అలాగే గాల్లో ఉండిపోయింది.
ఎవరో నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

మర్నాడు మాస్టారు
వరండా గచ్చు మీద సుద్దతో
ఈ చివర్నుంచి ఆ చివరికి కీబోర్డు గీశారు.
గడి ఒక్కోటి మూరెడు.
తొక్కుడుబిళ్ళలా ఒంటికాలి మీద గెంతుతూ
ఎవరి పేరు వాళ్ళు కొట్టాలి.
ఓలేటి నూకరత్నం తన పేరు పూర్తిచేసేసరికి
జడ ఊడి, ఆయాసంతో స్తంభం పట్టుకుంది:
"మా అమ్మ పొట్టిపేరు పెట్టుంటే బాగుండేదండి."
స్పేస్‌బారు మాత్రం పొడుగు గడి.
అక్కడ రెండు కాళ్ళూ ఆనించొచ్చు.
మాటకీ మాటకీ మధ్య జాగా ఎందుకో
నాకు ముందు పిక్కలకి తెలిసింది.

వానొస్తే అక్షరాలు కొట్టుకుపోయేవి.
గుర్తున్నమట్టుకు మేమే గీసేవాళ్ళం.
ఒకసారి ఎమ్మూ ఎన్నూ తారుమారయ్యాయి.
నెల్లాళ్ళు బడంతా తప్పుగా గెంతింది,
ఎంతో శ్రద్ధగా.

ఇప్పుడు ఆ బళ్ళోనే సాంఘికం చెబుతున్నాను.
గోడంత తెర. వేలు తగిలితే
శనిగ్రహం గిర్రున తిరుగుతుంది.
నాకేం కోపం లేదు దీనిమీద.
పన్నెండేళ్ళు సుద్దపొడికి దగ్గినదాన్ని.
వెనకబల్ల వీరవేణికి నా రాత ఎప్పుడూ ఆనలేదు,
ఇప్పుడు ఆనుతోంది.
పొద్దున్నే నీళ్ళట్యాంకు మెట్లెక్కి, సిగ్నలు అందుకుని,
నా మొహం నాదేనని ఫోను ఒప్పుకునేదాకా
కళ్ళార్పకుండా నిలబడతాను. అదీ అలవాటైంది.
ఒకటే గుబులు.
తాకగానే అన్నీ వచ్చేస్తుంటే
నెల్లాళ్ళు తప్పు గెంతే తీరిక
వీళ్ళకెవరిస్తారని.

మొన్న నదుల పాఠం.
ఆకాశంలోంచి వశిష్ఠ పాయ.
పిల్లలు తెర మీద పడ్డారు:
మా రొయ్యల చెరువు, మా చర్చి, అదిగో మా పాక!
మల్లాడి సింహాద్రి చివర్న వచ్చి
ఏటి నడుమ పచ్చటి మచ్చ మీద వేలుపెట్టాడు.
చినతాటిలంక.
మూడు వరదలు ఎకరం ఎకరం కోసుకుంటూ పోతే
మొత్తంగా గోదాట్లో కలిసిపోయిన లంక.
తెరకింకా ఆ కబురు అందలేదు.
వాడు రెండు వేళ్ళతో విడదీశాడు.
రేకుల కప్పు. పక్కన చిక్కుడుపాదు.
"మా నాన్నమ్మ వడియాలెట్టిందండి,
అదిగోండి, తెల్లగుడ్డ."
నాకు తెల్లటి చుక్క కనపడింది.
ఇంకా విడదీశాడు.
ఇల్లు గళ్ళు గళ్ళుగా విడిపోయింది,
గచ్చు మీద సుద్దగీతల్లా.
వేడి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

సరిగ్గా అప్పుడే తెర అడుగున అడిగింది:
కొత్తది వచ్చింది, అప్‌డేట్ చెయ్యమంటారా?
"నొక్కకండి మేడమండీ!"

ఆ అప్‌డేటుకీ ఈ లంకకీ సంబంధం లేదు.
నాకు తెలుసు. తరగతిలో నలుగురికైనా తెలుసు.
అది చెప్పడానికే నాకు జీతమిస్తున్నారు.
'రేపు గుర్తుచెయ్యి' మీద నొక్కాను.

అది మరిచిపోయే రకం కాదు.
రోజూ పన్నెండున్నరకి అడుగుతుంది,
రోజూ తరగతి నా వేలు వంక చూస్తుంది.
తెర నెమ్మదించింది, కంప్లైంటు రాయండమ్మా అంటున్నారు
హెడ్మాస్టరుగారు.
రాస్తానండి.
రేపు.